నట్టు మీద చుక్క

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. నాకు మాత్రం ముప్పాతిక మొగుడు దొరికింది. కాపురానికొచ్చిన కొత్తలో నన్ను మా బండ్ల రిపేరు షెడ్డు కౌంటరు దగ్గర కూర్చోబెడితే, చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కదా అని రెండు రకాల వాషర్లు ఒకే డబ్బాలో పోశాను. ఈ మహాతల్లి వచ్చి చూసి, ఒక్క మాట అనకుండా ఆ డబ్బాని నేల మీద బోర్లించి, పక్కనే ఇంకో ఖాళీ డబ్బా పెట్టి వెళ్ళిపోయింది. ఆ పూటంతా నేల మీద చతికిలబడి వాషర్లు ఏరుతూ ఆవిణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టుకున్నాను. అలాంటి మనిషి గురించి ఈవేళ నేనే నలుగురికీ గొప్పగా చెప్పుకుంటున్నానంటే అది ఊరికే జరగలేదు.

మా వీధిలో అందరూ ఆవిణ్ణి బోల్టక్క అంటారు. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా అక్క అనే అంటారు. మాది పెద్దరోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో రేకుల షెడ్డు. ముందు సొరుగులున్న కౌంటరు, దాని వెనక ఒకే ఒక్క స్టూలు. అది నాది. లోపల రెండు బండ్లు పట్టేంత చోటు, ఒక గోడకు వరసగా పానాలు, సుత్తులు, ఇంకో మూల గ్యాసు సిలిండర్లు. నేల నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. వాన పడితే రేకుల చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి ఆ రోజు మా ఇంట్లో పోట్లాటలు తక్కువ.

షెడ్డు పెట్టింది మా మామగారు. ఇప్పుడాయన లేరు. ఆయనకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు మా ఆయన, చిన్నది ఈవిడ. కొడుక్కి బిగించడం, వెల్డింగు చెయ్యడం దగ్గరుండి నేర్పారు. కూతుర్ని వెల్డింగు దగ్గరికి రానిచ్చేవారు కాదట, ఆ వెలుగు ఆడపిల్ల కళ్ళకు మంచిది కాదని. కొడుకు కళ్ళు మాత్రం ఇనపవి కాబోలు. ఈవిడ సన్నగా ఉండేది కనక బండి కిందికి దూరి లైటు పట్టుకోవడానికి పనికొచ్చేది. అలా లైటు పట్టుకుని పట్టుకుని, నాన్న తిట్టుకుంటూ వదిలేసిన తుప్పు నట్లన్నీ ఒక్కొక్కటే ఊడదీయడం తనంతట తనే నేర్చుకుంది. తర్వాత తర్వాత వెల్డింగూ నేర్చుకుందనుకోండి, అది వేరే సంగతి. బిగించడం అన్నది, ఊడదీయడం చెల్లెలిది. అన్నాచెల్లెళ్ళు ఆస్తి పంచుకున్నట్టే పని పంచుకున్నారు.

ఆవిడ పని చూడ్డానికి ఓపిక కావాలి. తుప్పు పట్టిన నట్టును ఎవరైనా ముందు వదులు చెయ్యాలని చూస్తారు. ఈవిడ ముందు బిగిస్తుంది. వెంట్రుకవాసి బిగించి, కాస్త వదులు చేసి, మళ్ళీ బిగించి, నూనె పోసి, బట్టలు నానబెట్టినట్టు నానబెట్టి వెళ్ళిపోతుంది. "మొండివాడు రాజుకన్నా బలవంతుడు వదినా, వాడితో బలంగా పోతే మనకే దెబ్బ," అనేది నాతో. మా ఆయన మొండితనం గురించి కూడా ఆ మాటే చెప్పి ఉంటే నా కాపురం ఇంకాస్త సుఖంగా సాగేది.

అలాంటి మనిషి ఒకసారి బలంగా పోయింది. ఎవరిదో కారు, చక్రం దగ్గర బోల్టు లోపలే విరిగిపోయింది. బయట కారు తాలూకు మనిషి హారన్ కొడుతూ తొందరపెడుతుంటే, మా ఆయన ఈవిణ్ణి తొందరపెట్టాడు. విరిగిన బోల్టుకు డ్రిల్లుతో బెజ్జం వేసి, అందులో గట్టి ఉక్కు చీల దిగ్గొట్టి తిప్పితే బోల్టు దానితో పాటు బయటికి రావాలి. ఆ చీల కాస్తా లోపల పుటుక్కున విరిగింది. అది ఎంత గట్టిదంటే ఇక ఏ డ్రిల్లూ దాన్ని కొరకదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. చివరికి ఆ భాగం మొత్తం తీసి కొత్తది వెయ్యాల్సి వచ్చింది. ఆ రోజు మా ఆయన, ఇక విరిగిన బోల్టుల జోలికి వెళ్ళొద్దని పదిమందిలో చెల్లెలితో అనేశాడు. తొందరపెట్టింది తనేనన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

అప్పట్నుంచి ఆవిడకు పంచర్లు, ఆయిలు మార్చడం, చక్రాలకు గాలి కొట్టడం. ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. వాళ్ళాయన దర్జీ, చాలా మెత్తని మనిషి. ఒకరోజు నా దగ్గరకొచ్చి గుసగుసగా చెప్పాడు, పాత ఇనప సామాన్ల కొట్టు నుంచి తుప్పు బోల్టులు సంచుల్లో తెచ్చుకుని వంటింట్లో కూర్చుని ఊడదీస్తోందని, తన కుట్టుమిషను నూనె మొత్తం వాటికే పోతోందని. వాషర్ల పగ ఆ రోజే వదిలేశాను.

ఎదురు షెడ్డు మేస్త్రీని మా షెడ్డులోకి తెచ్చుకుందామని మా ఆయన అనడం మొదలుపెట్టింది కూడా అప్పుడే. ఆ మేస్త్రీ చేతిలో పని ఉందో లేదో గాని నోట్లో చాలా ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ వ్యాను వచ్చింది. పిల్లల్ని బడికి తీసుకెళ్ళే పాత వ్యాను. నడిపే పెద్దాయనే దాని యజమాని. వెనక ఎడమ పక్క, బండి బరువు మోసే కమాను కట్టలో ఇనప పట్టీ విరిగి, ఒక కాలు కుంటుతున్నట్టు వచ్చి ఆగింది. కమాను మార్చాలంటే దాని ముందు కొసను బండి అడుగున ఉండే ఛాసిస్ బ్రాకెట్‌కి పట్టి ఉంచే పొడుగు బోల్టు తియ్యాలి. ఆ బోల్టు తియ్యబోయి ఎదురు షెడ్డు మేస్త్రీ పానాకి పొడుగు పైపు తొడిగి, ఇద్దరు మనుషుల బరువు వేసి తిప్పితే, బోల్టు తల కాస్తా ఊడి చేతికొచ్చింది. ఇటు తల లేదు, అటు వైపు నట్టు కదల్దు, మధ్యలో బోల్టు, కమాను కొసలో ఇనప గొట్టం చుట్టూ రబ్బరుండే బుష్షులో తుప్పుతో అతుక్కుపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఈ బండి చెత్తది, తుక్కుకి వేసుకోమని సలహా కూడా ఇచ్చి మా దగ్గరికి తోలాడు.

సోమవారం రవాణా ఆఫీసులో బండి తనిఖీ. పాసవకపోతే బడివాళ్ళు వేరే బండి పెట్టుకుంటారు. ఆ సంగతి పెద్దాయన ఒకసారే చెప్పి ఊరుకున్నాడు.

మా ఆయన బండి కిందికి దూరి, నట్టు మీద సుత్తితో అటూ ఇటూ కొట్టి, తారు పెళ్ళలు ముఖాన రాలించుకుని బయటికొచ్చాడు. దీన్ని బిగించిన గాడిదెవడో గాని వాడికి ఊడదియ్యడమనేది ఒకటుంటుందని తెలీదు అన్నాడు. బ్రాకెట్టు కోసేసి కొత్తది అతికించడం తప్ప దారి లేదన్నాడు. ఛాసిస్ మీద కొత్త అతుకు కనపడితే తనిఖీలో వెనక్కి పంపేస్తారని పెద్దాయన అన్నాడు. అయితే నేనేం చెయ్యలేనని మా ఆయన చేతులు తుడుచుకున్నాడు.

మూల గాలి కొడుతున్న మా ఆడపడుచు పైపు కింద పడేసి వచ్చింది.

"నేను తీస్తాను అన్నయ్యా. రాకపోతే రేపట్నుంచి కౌంటర్లో కూర్చుంటాను. మళ్ళీ పానా ముట్టుకోను."

తమాషా చూడ్డానికి వచ్చి నిలబడ్డ ఎదురు షెడ్డు మేస్త్రీ పళ్ళికిలించాడు. మా ఆయన ఒక నిమిషం చెల్లెలి ముఖంలోకి చూసి, సరే, రాకపోతే మేస్త్రీ రేపే పనిలో చేరతాడు, నువ్వు కౌంటర్లో కూర్చో అన్నాడు. అన్నాడంటే అన్నాడే. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. ఆవిడ బతుకంతా బండి కిందే ఉంది. కౌంటరు దగ్గర కూర్చోబెడితే వారం తిరిగేసరికి మనిషి మనిషిలా ఉండదు. ఇక నా సంగతి, ఉన్న ఒక్క స్టూలు మీద ఇద్దరం ఎలా కూర్చుంటాం?

ఆవిడ గోనెపట్టా పరుచుకుని బండి కిందికి జరిగి, "వదినా, లైటు పట్టుకో రా," అంది. ఇంతమంది మగాళ్ళుండగా నన్ను పిలిచిందేమిటా అనుకుంటూ నేనూ దూరాను. పైనుంచి మట్టి కళ్ళల్లో పడుతోంది, వీపు కింద ఏదో నట్టు గుచ్చుకుంటోంది, నా బట్టలు ఆ రోజుతో సరి. ఆవిడ ఇనప బ్రష్షుతో నట్టు మీద తారు గీకడం మొదలుపెట్టింది. తుప్పు రాకుండా కింద పూసే నల్లరంగు, దాని మీద ఏళ్ళ తరబడి పేరుకున్న బురద. గీకుతూ గీకుతూ ఆగిపోయింది. లైటు ఇంకాస్త దగ్గరికి పెట్టమంది.

నట్టులోంచి బయటికొచ్చిన బోల్టు కొన మీద, నట్టుకీ బోల్టుకీ కలిపి, మిరియపు గింజంత వెల్డింగు చుక్క ఉంది.

ఆ చుక్క మా ఇంట్లో తెలియనిదెవరికి? అది మా మామగారి పద్ధతి. ముఖ్యమైన చోట బోల్టు బిగించాక, అదిరి అదిరి నట్టు వదులు కాకుండా కొన మీద ఒక చుక్క పెట్టేవారు. ఇంకే షెడ్డులోనూ అలా చెయ్యరు. ఆ పద్ధతి కొడుక్కొక్కడికే నేర్పారు. అంటే ఈ నట్టు బిగించిన మహానుభావుడు మామగారైనా కావాలి, మా ఆయనైనా కావాలి. మామగారి చుక్క గుండ్రంగా ఉంటుంది. ఇది ఒక పక్కకి తోక లాగినట్టుంది. ఆ తోక ఎవరి చేతిదో నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ఇదివరకు ఈ బండి ఎవరిదో, ఏ రంగులో ఉండేదో, ఎప్పుడో మా షెడ్డుకొచ్చే ఉంటుంది.

నేను బయటికి దూకబోయాను. గాడిదెవడో తెలిసిపోయిందని మేస్త్రీ ముందు, పెద్దాయన ముందు, వీధి వీధంతా వినేలా చెప్పొద్దూ? పెళ్ళయిన ఇన్నేళ్ళకు నా చేతికొక ఆయుధం దొరికింది. ఆవిడ నా చెయ్యి పట్టి లాగింది.

"నోరెత్తకు వదినా. ముందు బోల్టు రానీ," అంది. తర్వాత నెమ్మదిగా, "విరిగిన బోల్టు తియ్యాలంటే నేనే దాని కొనకు ఒక నట్టు అతికించుకుని, ఆ నట్టు పట్టుకుని తిప్పి లాగుతాను. ఇక్కడ అన్నయ్య ఎప్పుడో అతికించి పెట్టాడు," అంది.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇంతసేపూ అందరూ ఆ నట్టు ఊడదీయాలని చూశారు. అది ఊడదు. నట్టూ బోల్టూ ఒకే ముక్క. కాబట్టి నట్టును వదిలించుకోవడం కాదు, దాన్నే పిడిలా పట్టుకుని బోల్టును దానితో సహా ఇటు వైపు లాగెయ్యాలి. అటు వైపు అడ్డం రావడానికి తల ఎలాగూ లేదు, ఆ పుణ్యం మేస్త్రీ కట్టుకున్నాడు. నాకు చెప్పడం అయ్యాక ఆవిడ పడుకున్నచోటే నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ కారు గొడవ తర్వాత ఆ నవ్వు నేను వినలేదు.

బుష్షుకి రెండు పక్కలా నూనె పోసి, రేపటిదాకా నానాలని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. నా పాట్లు పగవాడికి కూడా వద్దు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా చుట్టాలందరికీ తెలుసు. అలాంటిదాన్ని సాయంత్రమంతా పెదవి విప్పలేదు. భోజనాల దగ్గర మా ఆయన, ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టుకుని చూశాడు. మింగలేకా కక్కలేకా తల అడ్డంగా ఊపాను.

శనివారం పొద్దున్నే వచ్చి మేస్త్రీ ముందు వరసలో నిలబడ్డాడు. పెద్దాయన ఒక పాత టైరు మీద కూర్చున్నాడు. మా ఆయన డ్రిల్లు, ఆ ఉక్కు చీలల డబ్బా తెచ్చి చెల్లెలి పక్కన పెట్టాడు. ఆవిడ వాటిని అంతదూరం జరిపేసింది.

నట్టుకి పానా పట్టించి కొద్దిగా తిప్పింది. కదిలినట్టే కదిలి మళ్ళీ వెనక్కొచ్చింది. లోపల బోల్టుకి అతుక్కున్న బుష్షు రబ్బరు మెలిపడి మళ్ళీ యథాస్థానానికి లాగుతోందన్నమాట. మేస్త్రీ నవ్వాడు. తల తెగిన బోల్టును నట్టు వైపు నుంచి తిప్పితే నట్టుతో పాటు బోల్టు కూడా తిరుగుతుంది, నట్టు ఎలా ఊడుతుంది అన్నాడు.

"తిరగాలనే కదా," అంది ఆవిడ.

తడిగోనె కప్పాల్సిన చోట కప్పి, ఇసక బకెట్టు దగ్గర పెట్టుకుని, మా ఆయన్ని మంటలార్పే సిలిండరు పట్టుకుని నిలబడమంది. ఆయన నిలబడ్డాడు. గ్యాసు మంట కమాను కొస మీద పెట్టింది. లోపలి రబ్బరు ఎలాగూ కొత్తది వెయ్యాల్సిందే కాబట్టి కాలిపోనిచ్చింది. నల్లటి పొగ, ఆ కంపు, నేను ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకున్నాను. రబ్బరంతా కాలిపోయాక మంట ఆపి, జేబులోంచి కొవ్వొత్తి తీసింది. ఎవరి పుట్టినరోజక్కా అన్నాడు మేస్త్రీ. వేడి బోల్టుకి కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి సందుల్లోకి గుటుక్కున ఇంకిపోయింది. ఇటు ఒకసారి, అటు ఒకసారి తాగించి, చేతులు కట్టుకుని కూర్చుంది. మా ఆయన ఇంకా ఎందుకు కూర్చున్నావన్నాడు. తొందరపెడితే ఏమవుతుందో ఈసారి ఆయనకే గుర్తొచ్చినట్టుంది, మళ్ళీ నోరెత్తలేదు.

కాస్త చల్లారాక పానా పట్టింది. ముందు బిగించే వైపు. వెంట్రుకవాసి. తర్వాత ఇటు. మళ్ళీ అటు. నేను కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాను. రాకపోతే ఆవిడ ఇక్కడికొచ్చి నా పక్కన కూర్చుని జీవితాంతం వాషర్లు అమ్మాలి. అప్పుడు లోపల్నుంచి కీచుమని ఒక శబ్దం వచ్చింది. తుప్పు వదిలే శబ్దం. షెడ్డులో కాపురం చేసేవాళ్ళకి అంతకంటే తియ్యటి శబ్దం ఇంకోటి లేదు.

ఆ తర్వాత అది ఆగలేదు. పావు చుట్టు, అర చుట్టు, ఒక చుట్టు తిరిగింది. నట్టు వెనక గడ్డపార మొన పెట్టి ఎత్తుతూ, తిప్పుతూ, ఎత్తుతూ, పొడుగాటి ఆ బోల్టును నట్టుతో సహా పొగలు కక్కుతుండగా లాగిపారేసింది. అది ఇసక బకెట్టులో దబ్బుమని పడింది. పెద్దాయన టైరు మీంచి లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. నాకు ఏడుపొచ్చింది. ఆడపడుచు గెలిస్తే వదిన ఏడవడం ఎక్కడైనా ఉందా? నేను ఏడ్చాను, కౌంటరు మీద తల పెట్టుకుని మరీ ఏడ్చాను.

చల్లారిన బోల్టును ఆవిడ గుడ్డలో చుట్టి అన్నయ్య చేతిలో పెట్టింది. ఆయన తుడిచి, అటూ ఇటూ తిప్పి, చుక్క దగ్గర బొటనవేలు ఆపేశాడు. ముఖంలో రంగు మారడం నేను చూస్తూనే ఉన్నాను. నా నాలిక దురద అంతా ఇంతా కాదు. అయినా ఆ ముఖం చూశాక పళ్ళ బిగువున ఆపుకున్నాను. మేస్త్రీ మెడ చాచి అదేంటన్నాడు. పారేసి ఊరుకోవచ్చు మా ఆయన. ఆవిడ చెప్పదు, నన్ను కన్నెర్ర చేసి ఆపొచ్చు.

"ఇది బిగించింది నేనే," అన్నాడు అందరికీ వినపడేలా. "మా నాన్న పద్ధతి. నేను పెట్టిన చుక్క నేనే గుర్తుపట్టలేదు, మా చెల్లెలు గుర్తుపట్టింది."

మేస్త్రీ తర్వాత ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు.

కొత్త కమాను, కొత్త బుష్షు, కొత్త బోల్టు. అన్నాచెల్లెళ్ళిద్దరూ కిందికి దూరి ఎక్కించారు. నట్టు బిగించాక మా ఆయన చెయ్యి అలవాటుగా వెల్డింగు హోల్డరు మీదికి పోయింది. తీసుకున్నవాడు తీసుకున్నట్టే ఆగి, చెల్లెలి వైపు తిరిగాడు.

"చుక్క పెట్టనా, వద్దా?"

ఆయన నన్ను ఏనాడూ ఏదీ అడిగింది లేదు. వాళ్ళ నాన్న తర్వాత లోకంలో ఎవర్నీ అడిగి ఎరగడు. మా ఆడపడుచు ముంజేత్తో ముక్కు తుడుచుకుంటే మసి మొత్తం బుగ్గకి అంటుకుంది.

"వద్దన్నయ్యా. లాకు నట్టు వేస్తే అదిరినా వదులు కాదు, గ్రీజు కూడా రాద్దాం. రేపెవరో మళ్ళీ తియ్యాలి కదా."

ఆయన హోల్డరు కింద పెట్టి, గ్రీజు డబ్బా అందించాడు.

సోమవారం వ్యాను పాసైంది. పెద్దాయన అటునుంచి అటే పిల్లల్ని ఎక్కించుకుని వచ్చి, మా సందు మొదట్లో ఆగి, హారన్ మోగించి మరీ వెళ్ళాడు. ఆ మధ్యాహ్నమే ఎవరో ఇద్దరు ఒక ట్రక్కు తాలూకు విరిగిన బోల్టు సంగతి మాట్లాడ్డానికొచ్చి మా ఆయన ముందు నిలబడ్డారు. వస్తుందా రాదా, ఎప్పటికిస్తారు, ఎలా తీస్తారు అని ప్రశ్న మీద ప్రశ్న వేశారు. మా ఆయన చేస్తున్న పని ఆపలేదు, తల ఎత్తలేదు.

"నన్నడుగుతారేంటి? ఆ బండి కిందున్నావిణ్ణి అడగండి," అన్నాడు.

వాళ్ళు అటు వెళ్ళి వంగి చూశారు. బండి కింది నుంచి, బోల్టు ఎక్కడ విరిగిందో ముందు చెప్పమని మా ఆడపడుచు గొంతు వినపడింది.